ఇరవై ఏడుగురి అత్తయ్య

తెనాలి గాంధీచౌక్‌కి రెండు సందుల అవతల, బట్టల కొట్టు పైన మేడ మీద, తొంభై మూడులో సీతారామాంజనేయులు ఒక ఇంగ్లీషు అకాడమీ తెరిచాడు. విదేశాలకు వెళ్ళదలుచుకున్న నర్సులకు మాత్రమే అని బోర్డు మీద రాయించాడు. పైన విమానం, కింద తెల్లటోపీ నర్సు. బోర్డు వేసినవాడికి సినిమా బొమ్మలు అలవాటు. అందుకని ఆ నర్సు నడుం మీద చెయ్యి వేసుకుని, ఒక కాలు ముందుకు పెట్టి, రోగిని చూడటానికి కాక పాట అందుకోవటానికి వచ్చినట్టు ఉండేది. మెట్లెక్కే నర్సులు ఎవరూ ఆ బొమ్మవైపు చూసేవారు కాదు. వాళ్ళకి సిగ్గు. ఆంజనేయులుకి లేదు.

ఈ ఆంజనేయులు మస్కట్‌లో ఒక గోడౌనులో పద్నాలుగు నెలలు పెట్టెలు దింపించి వచ్చాడు. వస్తూ ఒక పెద్ద టేప్‌రికార్డరు, సెంటు సీసాలు, ఒక యాస తెచ్చుకున్నాడు. ఆ యాస ఏ దేశానిదో నాకు ఇప్పటికీ తెలియదు. వేడి గారె నోట్లో పెట్టుకుని మాట్లాడినట్టు ఉండేది. పేరు ఎస్.ఆర్. ఆంజీ అని కుదించుకున్నాడు. తండ్రి వీరరాఘవయ్యగారు సంగం జాగర్లమూడిలో వ్యవసాయం చేసుకునే పెద్దమనిషి. ఆయన కొడుకుని చూడటానికి వస్తే వెనక గదిలో కూర్చోబెట్టేవాడు. పంచె కట్టిన మనిషి కనబడితే అకాడమీ పరువు పోతుందట.

అలాంటివాడి దగ్గర నేను పనికి చేరాను. రేపల్లె హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. అంతకు ముందు సంవత్సరమే మా ఆవిడ శివపార్వతి పోయింది. ఒక్క మనిషి వంట పదింటికల్లా అయిపోతుంది. ఆ తర్వాత సాయంత్రం చాలా దూరంగా కనిపించేది. ఆంజనేయులు రమ్మన్నాడు, నేను రైలెక్కాను. అతన్ని గురించి నేను ఏమన్నా అందులో సగం నాకూ చెందుతుంది.

పరీక్ష సంగతి చెప్పాలి. అవతలి దేశంలో నర్సుగా లైసెన్సు కావాలంటే రాసే పరీక్షతో పాటు మాట్లాడే పరీక్ష కూడా పాసవ్వాలి. మద్రాసులో ఒక హాల్లో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలిస్తారు. టేపులోంచి ఒక గొంతు ప్రశ్న అడుగుతుంది. అరవై సెకన్లలో మైకులోకి జవాబు చెప్పాలి. ఎదురుగా మనిషి ఉండడు. ఆ టేపులు సముద్రం దాటి వెళితే అక్కడ ఎవరో విని మార్కులు వేస్తారు. పదేళ్ళు పురుళ్ళు పోసిన మనిషిని, నెత్తురు కక్కుకునేవాడి తల ఒళ్ళో పెట్టుకున్న మనిషిని, ఆ గొంతు ఏమడుగుతుంది? గాలికి టోపీ ఎగిరిపోయినవాడి బొమ్మలు చూపించి కథ చెప్పమంటుంది. ఊరి పటం ఇచ్చి, గ్రంథాలయం నుంచి మ్యూజియానికి దారి చెప్పమంటుంది. జ్వరం గురించి ఒక్క ముక్క అడగదు. ఈ ప్రశ్నలు తయారుచేసినవాళ్ళకు ఎప్పుడన్నా జబ్బు చేసిందా అని నాకు అనుమానం.

ప్రశ్నలు అటూ ఇటూగా ఏటా అవే. అందుకని ఆంజనేయులు దారి కనిపెట్టాడు. నన్ను జవాబులు రాయమన్నాడు. నేను రాసినవి సైక్లోస్టైల్ తీయించి, ఆకుపచ్చ అట్ట వేసి, బట్టీ పట్టించాడు. ఇరవై ఎనిమిదిమంది నర్సులు. తెనాలి, పొన్నూరు, బాపట్ల, రేపల్లెల నుంచి డ్యూటీలు మార్చుకుని మంగళవారం, శుక్రవారం వచ్చేవారు.

"నువ్వు అభిమానించే మనిషిని గురించి చెప్పు" అన్నది అందులో తొమ్మిదో ప్రశ్న. దానికి నేను రెండు రోజులు కాగితం ముందు కూర్చున్నాను. గొప్పవాళ్ళ పేర్లు ఏవీ కలం నుంచి దిగలేదు. చివరికి మా ఆవిడను రాశాను. శివపార్వతిని పార్వతి చేశాను, భార్యను అత్తయ్యను చేశాను. మా అత్తయ్య పార్వతి కొలకలూరులో ఉంటుంది, ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతుంది, ఎండలో గొడుగు వేసుకుని బయల్దేరి దారిలో ఎవరికో ఇచ్చేసి తను కొంగు కప్పుకుని ఇంటికి వస్తుంది. ఒకసారి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, సూది వేయటానికి వచ్చిన నర్సు పేరు అడిగి తెలుసుకుంది. మర్నాడు ఆ నర్సుని పేరు పెట్టి పిలిచి, అన్నం తిన్నావా అని అడిగి, ఆ తర్వాతే చెయ్యి చాపింది. ఇంతే. చదివితే సరిగ్గా యాభై అయిదు సెకన్లు.

ఆంజనేయులు చదివి, "సెంటిమెంటు బాగా పండింది మాస్టారూ. వాళ్ళు ఏడ్చి చస్తారు," అన్నాడు.

మా ఆవిడ గొడుగు గురించి అతని నోటి నుంచి వచ్చిన మాట అది. నేను నవ్వి ఊరుకున్నాను. నా ఇంగ్లీషుకి మెప్పు వచ్చిందని సంతోషించాను కూడా.

తర్వాతి శుక్రవారం నుంచి ఆ మేడ మీద ఇరవై ఎనిమిది గొంతులు మా ఆవిడను వల్లెవేయటం మొదలెట్టాయి. "మై ఆంట్ పార్వతి" అని ఒకళ్ళు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకునేవారు. మొదటి రోజు కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. రెండో వారానికి అలవాటైపోయింది. ఎవరు గొడుగు దగ్గర తడబడ్డారో సరిదిద్దుతూ కూర్చునేవాణ్ణి. మనిషి ఎంత త్వరగా దిగజారగలడో చెప్పమంటే అరవై సెకన్లు అక్కర్లేదు.

ఒకసారి మాత్రం కాస్త బుద్ధి పుట్టింది. కాంతమ్మ అని పొన్నూరు నర్సు, వయసులోనూ సర్వీసులోనూ అందరికన్నా పెద్దది. ఆమెను పిలిచి, "అమ్మా, అందరూ ఒకే అత్తయ్య అంటే బావుండదు. నువ్వు పేరన్నా మార్చుకో. ఊరు మార్చుకో," అన్నాను.

ఆమె పుస్తకం గుండెకు హత్తుకుని నా వంక జాలిగా చూసింది. "రాసింది మార్చటమేంటి మాస్టారూ? కేస్ షీటు మీద డాక్టరుగారు ఏది రాస్తే అదే ఇస్తాం. అర మాత్ర రాస్తే అర మాత్రే. మా చేత్తో మార్చితే ఉద్యోగం ఉంటదాండి?"

"ఇది మందు కాదమ్మా."

"ఏదైనా అంతేనండి. ఇరవై రెండేళ్ళ అలవాటు."

ఆంజనేయులు కూడా అదే చెప్పాడు, వేరే కారణంతో. కామా కూడా కదపటానికి వీల్లేదన్నాడు. ఆమెది శిక్షణ, అతనిది బద్ధకం. రెండూ ఒకే పుస్తకంలో కలిశాయి.

పుష్పలత ఆ పుస్తకం దగ్గరే ఆగిపోయింది.

బాపట్లలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. ముప్ఫై మూడేళ్ళుంటాయి. తండ్రి ఇస్సాకుగారు లూథరన్ బడిలో టీచరు. మాట్లాడే పరీక్ష అంతకుముందు రెండుసార్లు తప్పింది. మైకు చూస్తే ఆమెకు నోరు పెగలదు. టెక్సాస్‌లో ముసలివాళ్ళ ఆసుపత్రి ఒకటి ఆమెకు ఉద్యోగం ఇస్తామని కాగితం పంపింది. పాసైన మార్కుల కాగితం డిసెంబరు ముప్ఫై ఒకటి లోపల పోస్టులో పడాలి. లేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. ఇది ఆమెకు చివరి అవకాశం.

ప్రాక్టీసులో ఆమె వంతు వచ్చింది. ఆంజనేయులు టేప్‌రికార్డరు మీట నొక్కి, "కమాన్, బేబీ," అన్నాడు. అతనికి నలభై ఏళ్ళు. ఆమెకు పేరుంది.

"మై ఆంట్ పార్వతి" అని మొదలుపెట్టింది. కొలకలూరు, కుట్టుపని, గొడుగు దాకా బాగానే నడిచింది. ఆసుపత్రి దగ్గరకొచ్చేసరికి ఆగింది. టేపు తిరుగుతోంది.

"ఏంటీ, మింగేశావా?" అన్నాడు ఆంజనేయులు.

ఆమె అతనివైపు చూడలేదు. నా వైపు తిరిగి, "మాస్టారూ, ఈమె మన శివపార్వతమ్మగారు కదండీ? తొమ్మిదో నంబరు గది," అంది.

నాకు ఆమె మొహం అప్పుడు తెలిసింది. బాపట్ల నర్సింగ్ హోములో పదకొండు రోజులు. తెల్లచీర, ట్రే, వచ్చి వెళ్ళిపోయే అడుగుల చప్పుడు. నేను ఆ రోజుల్లో మంచం మీది మనిషినే చూశాను, మంచం పక్కన ఉన్నవాళ్ళను చూడలేదు. ఆరు వారాలుగా ఆమె నా ఎదుట బెంచీ మీద కూర్చుంటోంది.

"అవునమ్మా," అన్నాను.

"మరి ఆమె పేరడిగిన నర్సుని నేనేనండి. నేను సూది వేసినదాన్ని. మా అత్తయ్య అని నేనెట్టా చెప్పేదండీ?"

బెంచీల మీద ఎవరో కిసుక్కుమన్నారు. వెంటనే ఆపేశారు.

ఆంజనేయులు టేపు కట్టేశాడు. "ఏమ్మా, టెక్సాస్‌లో కూర్చున్నవాడు కొలకలూరు వచ్చి ఎంక్వైరీ చేస్తాడా? రెండుసార్లు తప్పిన మొహానికి ఇంత పట్టింపా? చెబితే అత్తయ్య, చెప్పకపోతే బాపట్ల బెడ్‌పాన్లు. తేల్చుకో."

"బెడ్‌పాన్లకేం సార్, అక్కడైనా అవేగా," అంది పుష్పలత. కాంతమ్మ పైకే నవ్వింది.

సాయంత్రం తెనాలి స్టేషనులో ఆమె బాపట్ల బండి కోసం, నేను రేపల్లె బండి కోసం ఎదురుచూస్తున్నాం. బెంచీ మీద నాకు కాస్త దూరంగా కూర్చుంది. ఎందుకమ్మా వెళ్ళాలనుకుంటున్నావు అని అడిగాను.

"అక్కడ డ్యూటీ చార్టులో పేరు రాస్తే డ్యూటీకే పిలుస్తారంటండి. ఇక్కడ డాక్టరుగారింట్లో ఫంక్షనైతే వాళ్ళ నాయనమ్మగారికి బెడ్‌పాన్ పెట్టటానికి నన్ను పిలుస్తారు. పెట్టి, చేతులు కడుక్కుని, దొడ్డివైపు నిలబడతాను. భోజనం పొట్లం కట్టి ఇస్తారండి. పదకొండేళ్ళలో ఒక్కసారీ విస్తరి ముందు కూర్చోమనలేదు." ఆమె గొంతులో కోపం కూడా లేదు. బి.పి. ఎంతో చదివినట్టు చదివింది.

ఆ డాక్టరు నాకు తెలుసు. మా ఆవిడ చనిపోయిన రోజున నా భుజం తట్టి, వేదాంతం నాలుగు ముక్కలు చెప్పి, కారెక్కిన మనిషి.

"అత్తయ్య అని చెప్పకు. నువ్వు చూసింది చెప్పు. తొమ్మిదో నంబరు గదిలో ఏం చూశావో అది," అన్నాను.

ఆమె పట్టాల వైపు తిరిగింది. ఇంగ్లీషులో మొదలుపెట్టింది. ముక్కలు ముక్కలుగా, మధ్యలో వెనక్కి వెళ్ళి దిద్దుకుంటూ చెప్పింది. నా పేషెంటు ఒకామె మొదటి రోజే నా పేరు అడిగింది. ప్రతి ఉదయం అన్నం తిన్నావా అని అడిగింది. తొమ్మిదో రోజు ఆమెకు నా పేరు గుర్తులేదు. నన్ను జయా అని పిలిచింది. జయా, తలుపు వేశావా అని అడిగింది. వేశానక్కా అని నేను చెప్పాను. ఆమె నిద్రపోయింది. మర్నాడూ అడిగింది, మర్నాడూ వేశానక్కా అన్నాను.

జయలక్ష్మి మా ఆవిడ చెల్లెలు. పదిహేనేళ్ళ వయసులో పోయింది. ఆ సంగతి పుష్పలతకు తెలియదు. ఆ రెండు రోజులూ నేను మందుల కొట్టుకీ డాక్టరు గదికీ మధ్య తిరుగుతున్నాను. మా ఆవిడ కంగారుపడకుండా నిద్రపోయిందని నాకు తెనాలి ప్లాట్‌ఫారం మీద తెలిసింది.

"ఇంగ్లీషు తప్పులున్నాయా మాస్టారూ?" అంది.

ఉన్నాయి. చాలానే ఉన్నాయి. "అలాగే చెప్పమ్మా. మిగతా జవాబులు కూడా పుస్తకం వదిలేసి ఇలాగే చెప్పు," అన్నాను.

అక్టోబరులో మద్రాసు వెళ్ళాం. ఆంజనేయులు కోటు వేసుకుని వచ్చాడు. సెంట్రల్ స్టేషనులో ఆ ఉక్కకి చెమట కారి, సెంటు వాసనతో కలిసి, అతని పక్కన ఎవరూ నిలబడలేకపోయారు. నర్సులు మాత్రం ఇస్త్రీ చీరల్లో, చేతిలో హాల్‌టికెట్టు పట్టుకుని, వార్డు రౌండుకి నిలబడినట్టు వరసగా నిలబడ్డారు.

నేను వరండాలో ఆగిపోయాను. ఒక్కో ప్రశ్నకు హాలంతా ఒక్కసారిగా లేచే శబ్దం తలుపుల్లోంచి వినిపించేది. తొమ్మిదో ప్రశ్న వచ్చింది. ఇరవై ఏడు గొంతులు ఒకే ఊపిరితో మా ఆవిడను ఎత్తుకున్నాయి. గొడుగు దగ్గర అందరూ గొడుగు, కొంగు దగ్గర అందరూ కొంగు. చర్చిలో కీర్తన పాడినట్టు ఎక్కడా తేడా లేదు. తలుపు దగ్గర నిలబడ్డ వాచ్‌మన్ నా వంక తిరిగి, "ఎన్న సార్, ప్రార్థనా?" అని అడిగాడు. యాభై అయిదో సెకనుకి అందరూ ఒక్కసారే ఆపారు. ఆ నిశ్శబ్దంలో ఒక్క గొంతు మాత్రం తప్పుతూ తడుముకుంటూ ఇంకా మాట్లాడుతోంది. ఏమంటోందో వినబడలేదు.

దరఖాస్తులన్నిటి మీదా ఆంజనేయులు అకాడమీ చిరునామాయే వేయించాడు. ఫలితాలు తన చేతిమీదుగా వెళ్ళాలి, ఫోటో దిగాలి, పేపర్లో వేయించాలి. డిసెంబరు మూడో వారంలో కవర్లు వచ్చాయి. ఇరవై ఏడు కవర్లలో ఒకటే ఉత్తరం. ఒకే చిరునామా నుంచి వచ్చిన ఇరవై ఏడుగురు అభ్యర్థులు ఒకే అత్తయ్యను ఒకే మాటల్లో వర్ణించారు. మిగతా జవాబులు కూడా ఒకటే. అందుచేత మార్కులు నిలిపివేశాం. ఎవరికి వారు తమ సంజాయిషీ ముప్ఫై రోజుల్లో రాసి పంపాలి.

ఆ టేపులు విన్నవాళ్ళెవరో తలుచుకుంటే నాకు ఇప్పటికీ మొహం వేడెక్కుతుంది. మొదటి టేపుకి ఆ ముసలామె మీద వాళ్ళకు గౌరవం కలిగి ఉంటుంది. మూడోదానికి నవ్వొచ్చి ఉంటుంది. పదోదానికి వచ్చేసరికి మా ఆవిడ వాళ్ళకు ఒక మోసం.

ఇరవై ఎనిమిదో కవరు పుష్పలతది. అది కాస్త దళసరిగా ఉంది. ఆంజనేయులు దాన్ని విప్పకుండా టేబులు సొరుగులో పడేశాడు.

డిసెంబరు ముప్ఫై ఒకటి శుక్రవారం, మధ్యాహ్నం రెండింటికి అందరినీ పిలిపించాడు. నర్సులు బెంచీల మీద ఉత్తరాలు పట్టుకుని కూర్చున్నారు. ఎవరూ ఏడవటం లేదు. వాళ్ళ వృత్తిలో ముందు పని, తర్వాత ఏడుపు. ఆంజనేయులు ఒక కట్ట కాగితాలు తీసి పంచాడు. సంజాయిషీ. నాకు చెప్పకుండా తనే రాసుకున్నాడు. మా అకాడమీలో ఏ పుస్తకమూ ఇవ్వలేదు, మద్రాసులో దిగిన హాస్టలు గదిలో మేమే ఒకరినొకరు చూసి రాసుకున్నాం, తప్పు మాదే. కింద సంతకానికి గీత.

ఇరవై ఏడూ సైక్లోస్టైల్ కాపీలు.

ఒకే మాటలు చెప్పారన్న నేరానికి ఒకే మాటలతో ఇరవై ఏడు సంజాయిషీలు! ఆ మనిషి తెలివితేటల గురించి నాకు ఏ కాస్త భ్రమైనా మిగిలి ఉంటే అది అప్పుడు పోయింది.

"ఆంజనేయులూ, సిగ్గుండాలయ్యా," అన్నాను. ఆ గదిలో నేను గొంతెత్తటం అదే మొదటిసారి. "అమ్మా, ఇవి పక్కన పెట్టండి. ఆ పుస్తకం రాసింది నేను. ఆ అత్తయ్య మా ఆవిడ. ఆ మాట నేను రాసి, సంతకం పెట్టి పంపుతాను. మీరు ఎవరికి వాళ్ళు జరిగింది జరిగినట్టు రాయండి."

నర్సులు కాగితాలు ఒళ్ళో పెట్టుకుని నా వంక చూశారు. ఎవరన్నా తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

"మాస్టారు రాస్తే అకాడమీ మూతపడుద్ది," అన్నాడు ఆంజనేయులు. అప్పుడు యాస పూర్తిగా పోయింది, శుభ్రమైన జాగర్లమూడి మాట వచ్చింది. "ఆయన ముసలాయన, ఆయన మాట ఎవడు నమ్ముతాడు? సాక్షి కావాలి. ఏమ్మా పుష్పలతా, నీకు పుస్తకంతో పని పడలేదుగా. ఇక్కడ పుస్తకమే లేదని, వీళ్ళే కాపీ కొట్టారని నువ్వో సంతకం పెట్టు. నీ కవరు ఇస్తాను." సొరుగు మీద చెయ్యి వేశాడు.

గోడ గడియారం రెండూ నలభై. పోస్టాఫీసులో రిజిస్టరు కౌంటరు నాలుగింటికి మూసేస్తారు. ఆ రోజు పోస్టు ముద్ర పడకపోతే ఆమె ఉద్యోగం పోయినట్టే. అది ఆ గదిలో అందరికీ తెలుసు. అతనికి ఇంకా బాగా తెలుసు. అందుకే ఆ రోజు పిలిచాడు.

పుష్పలత కాగితం తీసుకుంది. ఆసాంతం చదివింది. "సార్, నేనిది పెడితే వీళ్ళందరూ దొంగలవుతారు కదండి," అంది.

"నీకెందుకు? నువ్వు పోయేదానివి."

"పోయేదాన్నేనండి." కాగితం మడిచి టేబులు మీద పెట్టింది. "పెట్టను సార్. నా కవరు నాకివ్వండి."

"పెడితేనే ఇస్తాను."

నేను సొరుగు వైపు వెళ్ళాను. ఆంజనేయులు నా మణికట్టు పట్టుకున్నాడు. అరవై దాటిన చెయ్యి, ఒక్క మెలికకి నొప్పి భుజం దాకా పాకింది. అంతే. బెంచీల దగ్గర చప్పుడు లేకుండా కాంతమ్మ లేచింది. ఆమె వెనక మరో ముగ్గురు లేచారు.

మతి తప్పి కొట్టుకునే రోగిని నొప్పి కలగకుండా, చర్మం కందకుండా పట్టుకోవటం నర్సులకు రోజూ ఉండే పని. ఒకామె మోచెయ్యి పట్టింది, ఒకామె భుజం నొక్కింది, ఒకామె వెనక నుంచి కుర్చీ జరిపింది. ఆంజనేయులు తనకు తెలియకుండానే కూర్చున్నాడు. నా మణికట్టు పట్టుకున్నవాడి మణికట్టు ఇప్పుడు కాంతమ్మ చేతిలో ఉంది.

"కదలకండి సార్. ఒక్క నిమిషం. అయిపోతుంది," అంది కాంతమ్మ, అచ్చం సూది వేసేటప్పుడు చెప్పినట్టు.

"ఏయ్, వదలండే! పోలీసుల్ని..."

"మాట్లాడకండి సార్, బి.పి. పెరుగుద్ది." ఆమె రెండు వేళ్ళూ అలవాటుగా నాడి మీదికి వెళ్ళాయి. గోడ గడియారం చూసింది. "నాడి నూట పద్దెనిమిది. చూశారా, ఇప్పటికే పెరిగింది."

అయిదారు బెంచీలు ఒక్కసారి నవ్వాయి. ఉత్తరాలు చేతిలో పెట్టుకున్నవాళ్ళు, బతుకు ఆగిపోయినవాళ్ళు, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వారు. ఆంజనేయులు ఆ నలుగురి మధ్య కోటులో కూర్చుని పళ్ళు కొరుకుతున్నాడు. వెనక గది గుమ్మంలో వీరరాఘవయ్యగారు నిలబడి ఉన్నారు. ఆయన ఎప్పుడు వచ్చారో నేను చూడలేదు. కొడుకుని ఒకసారి చూసి, కండువా సర్దుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయారు. నేను అన్న మాటలన్నిటికన్నా అది గట్టిగా తగిలి ఉండాలి. తగలకపోయినా ఆశ్చర్యం లేదు.

పుష్పలత సొరుగు లాగి కవరు తీసింది. అంచు చింపింది. కాగితం నా చేతికిచ్చింది. "చూడండి మాస్టారూ. నేను చూడలేను."

కావలసిన మార్కు ఎంతో, ఉన్న మార్కూ అంతే. ఒక్కటి కూడా ఎక్కువ లేదు.

"ఇది పాసేనా అండీ?"

"పాసేనమ్మా."

"నిజంగా?"

"వెళ్ళు ముందు. మూడైంది."

ఆమెతో పోస్టాఫీసుకి నేనూ వెళ్ళాను. కొత్త సంవత్సరం గ్రీటింగు కార్డుల వాళ్ళతో కౌంటరు దగ్గర తోపులాట. మా వంతు వచ్చేసరికి నాలుగు దాటి అయిదు నిమిషాలు. గుమాస్తా చెక్కతలుపు సగం దించాడు. కవరు మీద విదేశం పేరు చూశాడు, పుష్పలత మొహం చూశాడు. ఏమీ అడక్కుండా తలుపు మళ్ళీ పైకెత్తి, ముద్ర కొట్టి, రసీదు రాసిచ్చి దించేశాడు. అతని పేరు అడిగి తెలుసుకోవలసింది. తోచలేదు.

"ఆరింటికి డ్యూటీ మాస్టారూ," అని ఆమె స్టేషను వైపు పరుగులాంటి నడకతో వెళ్ళింది. ఫిబ్రవరిలో విమానం ఎక్కిందని తర్వాత ఇస్సాకుగారి ఉత్తరం వల్ల తెలిసింది. ముందురోజు దాకా బాపట్లలో డ్యూటీ చేసిందట. డాక్టరుగారు పొట్లం కట్టించి ఇచ్చారట.

నేను తిరిగి మేడ ఎక్కాను. ఆంజనేయులు వెళ్ళిపోయాడు. ఆర్నెల్లలో పొన్నూరులో ఇంకో పేరుతో ఇంకో బోర్డు పెట్టాడని, బాగానే నడుస్తోందని విన్నాను. అలాంటివాళ్ళకు నడవకపోవటం అనేది ఉండదు.

ఇరవై ఏడుగురూ బెంచీల మీద తెల్లకాగితాలు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఒక్క అక్షరం పడలేదు. ఈ ఉత్తరాలకు ఏం జవాబొస్తుందో, ఎంతమందికి మళ్ళీ పరీక్ష రాయనిస్తారో ఎవరికీ తెలియదు. వాళ్ళ కాగితాలన్నీ ఆగటానికి కారణమైనవాణ్ణి నేను గుమ్మంలో నిలబడ్డాను.

"మాస్టారూ," అంది కాంతమ్మ కలం టోపీ తీస్తూ, "మొదటి వాక్యం చెప్పండి. తర్వాత మేం రాసుకుంటాం."

వాక్యం నా నాలుక మీద సిద్ధంగా ఉంది. మంచి వాక్యం. ముప్ఫై ఏళ్ళ అలవాటు.

"చెప్పనమ్మా," అన్నాను.

ఆమె నా వంక కోపంగా చూసింది. తర్వాత తల వంచి, కాగితం మీద తన పేరు రాసుకుంది.